లాకుల దగ్గర తెల్లచెట్టు కింద

మా కాలేజీలో ఇప్పటికీ ఒక కథ చెప్పుకుంటారట. బోటనీ మేడం కాలవ లాకుల దగ్గరికి వెళ్లి, ఒక ఆకు తెంపి, నలిపి, వాసన చూసి, "ఇది జామాయిల్ కాదు" అన్నారనీ, గొడ్డళ్లు పట్టుకున్నవాళ్లు అక్కడికక్కడే ఆగిపోయారనీ, చెట్టు బతికిందనీ. చెప్పేవాళ్లలో సగం మంది అప్పటికి కాలేజీలో చేరనే లేదు. మిగతా సగం మంది ఆరోజు లాకుల దగ్గర లేరు. నేనున్నాను కాబట్టి చెబుతున్నాను. వాసన చూసి ఏదీ తేల్చలేదు. ఆ వాసనే అందరినీ తప్పుదారి పట్టించింది. గొడ్డళ్లు ఆగింది నా చదువుకు భయపడీ కాదు. పైగా నేను వెళ్లింది చెట్టు కోసం కాదు. ఆ చెట్టు కింద పెసరట్లు వేసుకునే నూకరత్నం రమ్మంటే వెళ్లాను. వాళ్లు చెప్పే కథలో నూకరత్నం లేదు. అందుకే ఇది రాయవలసి వచ్చింది.

బోటనీ చెప్పే ఉద్యోగంలోకి కొత్తగా వచ్చేవాళ్లు ఇది చదివితే సంతోషం. మా గ్రూపులో చేరే పిల్లలు ఏటేటా తగ్గిపోతుంటే, ఖాళీ బెంచీలకు పాఠం చెప్పలేక, ఇంకా ఓపిక ఉండగానే స్వచ్ఛంద విరమణ తీసుకున్నదాన్ని. ప్రమోషన్ల సంగతి రాయను. తనిఖీ వాళ్లు వస్తున్నారని రాత్రికి రాత్రి కుండీలు అద్దెకు తెచ్చి వరండాలో పేర్చిన సంగతులూ రాయను, అవి మీరు ఎలాగూ మీ కళ్లతోనే చూస్తారు. నాకు గుర్తున్నవి చెట్లు. కొన్ని మధ్యాహ్నాలు.

పేరు ఆఖర్న

నాకు పని నేర్పినవారు మా డిపార్టుమెంటు హెడ్డు జగన్నాథంగారు. గొప్ప మాస్టారు. మంచి మనిషేనా అని అడిగితే కొంచెం ఆలోచించుకోనివ్వండి. ఆయన దగ్గర ఒక పద్ధతి ఉండేది. చెట్టు ముందు నిలబెట్టి, "చూసింది చెప్పండి, పేరు మాత్రం ఆఖర్న" అనేవారు. ఎవరైనా ముందే పేరు అనేస్తే ఇక ఆ పూటంతా వాళ్ల పని ఆయనకు గొడుగు పట్టడమే. పేరు తెలిసిన మరుక్షణం మనిషి చూడటం మానేస్తాడని ఆయన నమ్మకం. నా సర్వీసంతా గడిచాక కూడా ఇంతకంటే పనికొచ్చే మాట నాకు దొరకలేదు.

ఆయనే అమ్మాయిలను టూర్లకు తీసుకెళ్లేవారు కాదు. ఆడపిల్లలతో తలనొప్పి అనేవారు. కొత్తగా చేరిన నేను స్టాఫ్ రూములోనే అడిగాను, అబ్బాయిలకు చెట్లు చూపించి అమ్మాయిలకు చెట్ల బొమ్మలు చూపిస్తే అది ఏ సిలబస్సని.

"నీకు నోరు ఎక్కువమ్మా" అన్నారు.

"మీకు చెవులు తక్కువ సార్" అన్నాను.

ఆ తర్వాత నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఆపైన ఒక శనివారం, ఎవరికీ కారణం చెప్పకుండా, రెండు బస్సులు మాట్లాడి అందరినీ ఉప్పాడ తీసుకెళ్లారు.

ఆ రోజు నాకు ఇప్పటికీ కల్లో వస్తుంది. సరుగుడు తోటలో కూర్చున్నాం. పైన గాలి, అవతల సముద్రం, రెంటిలో ఏది ఏ చప్పుడు చేస్తోందో తెలియకుండా కలిసిపోయిన హోరు. కింద మెత్తగా పరుచుకున్న పుల్లలు. జగన్నాథంగారు ఒక సన్నని పచ్చటి పుల్ల తెంపి, కణుపు దగ్గర విరిచి, లెన్స్ నా చేతికిచ్చి చూడమన్నారు. ఆకులనుకునేవి ఆకులు కావు. అవన్నీ రెమ్మలు. అసలు ఆకులు కణుపు చుట్టూ చిన్న చిన్న పళ్లలా, కంటికి ఆననంత ఉన్నాయి. ఇంత తోటలో ఆకు అన్నది ఎవరి కంటా పడకుండా దాక్కుని ఉంది.

"ఆస్ట్రేలియా వైపు నుంచి వచ్చినవాటికి వేషాలెక్కువమ్మా" అన్నారాయన. "సరుగుడుకి రెమ్మే ఆకులా కనబడుతుంది. రోడ్ల పక్కన వేసే ఆ ఆస్ట్రేలియా తుమ్మ చూడు, కొడవలిలా వంగిన ఆకుంటుందే, అది ఆకు కాదు, కాడ. మొలకగా ఉన్నప్పుడు ఒకటి రెండు నిజం ఆకులు చూపించి, ఆ తర్వాత బతికినంత కాలం చూపించదు. జామాయిల్ పువ్వుకి రేకులే ఉండవు, మొగ్గ మీద మూతే. ఊడిపోయిందంటే పువ్వు పూసినట్టు. అక్కడి చెట్టు దగ్గర మొదటి చూపుని నమ్మకు."

మేము కూర్చున్న ఆ సరుగుడు తోట ఇప్పుడు లేదు. సముద్రం ముందుకొచ్చింది. మొన్నామధ్య వెళ్లి ఒడ్డున నిలబడి, మేమెక్కడ కూర్చున్నామో వేలు పెట్టి చూపించబోతే నా వేలు నీళ్ల మీదికి వెళ్లింది.

కాలవ కట్టేసిన నెల

డెల్టాలో వేసవి వస్తే కాలవలు కట్టేస్తారు. ఆనకట్ట దగ్గర తలుపులు దింపేస్తే, ఎప్పుడూ నిండుగా సాగే కాలవ నాలుగు రోజుల్లో మడుగులు మడుగులుగా విడిపోయి, తర్వాత బురదై, తర్వాత పగుళ్లై పడుకుంటుంది. మరమ్మతులన్నీ అప్పుడే. గట్ల మీద చెట్లు కొట్టేదీ అప్పుడే.

మా కాలేజీలో బీయస్సీ చదివే దుర్గ, నేను విరమణ తీసుకున్న వేసవిలో, వాళ్లమ్మ రమ్మంటోందని మా ఇంటికి వచ్చింది. ధవళేశ్వరానికీ మండపేటకీ మధ్య ఒక లాకుల దగ్గర వాళ్లమ్మ నూకరత్నం హోటలు. హోటలంటే ఒక పొయ్యి, ఒక పెనం, రెండు బల్లలు. ఎదురుగా బస్సు ఆగే చోటు. ఆఫీసులకు పోయేవాళ్లూ రైసుమిల్లు లారీలవాళ్లూ అక్కడ ఆగేది పెసరట్టు కోసమెంతో నీడ కోసమూ అంతే. ఆ నీడనిచ్చే చెట్టుకు ఎర్ర రంగుతో గీత పెట్టారట. గట్టు మీద జామాయిల్ చెట్లన్నీ తీసేయాలని ఊళ్లో తీర్మానమైందట, నీళ్లు తాగేస్తున్నాయని కొబ్బరితోటలవాళ్ల ఫిర్యాదు.

"అది జామాయిల్ కాదేమోనని నాకు అనుమానం మేడం" అంది దుర్గ. "ఫొటో తీసి ఫోన్లో యాప్‌ని అడిగితే ఒకసారి జామాయిల్ అంది, ఒకసారి విల్లో అంది, ఒకసారి మామిడి అంది."

"నువ్వేమంటున్నావు?"

"పేరు ఆఖర్న అన్నారు కదండి మీరు."

అలాంటి విద్యార్థులు ఏటా ఒకరు వస్తే నేను ఇంకా ఉద్యోగంలోనే ఉండేదాన్ని.

మర్నాడు బస్సు దిగేసరికి ఎండ మాడుస్తోంది. గట్టు పొడవునా తెల్లటి వెలుగు. దాని మధ్యలో ఒక్కచోట లేత ఆకుపచ్చ నీడ, నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతోంది. కొమ్మలన్నీ తలంటుకున్న జుట్టు ఆరబోసుకున్నట్టు కిందికి వేలాడుతున్నాయి. కాండం తెలుపు. పాత పుస్తకంలో కాగితాల అంచుల్లా పొరలు పొరలుగా ఊడొస్తోంది. గాలి వీచినప్పుడల్లా ఒక పొర విడివడి, తొందరేమీ లేనట్టు తిరుగుతూ తిరుగుతూ ఎండిన కాలవలోకి దిగుతోంది. ఆ పొరను చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు.

"మేడంగారంటే మీరేనాండి?" అని వినబడింది. "కళ్లజోడు పెద్దదని మా అమ్మాయి చెప్పిందిలెండి. కూర్చోండి. అట్టు తింటారా, చెట్టు చూత్తారా?"

"ముందు చెట్టు చూస్తానమ్మా."

"అట్టయితే చల్లారిపోద్దండి. చెట్టు ఎక్కడికీ పోదు. ఈ వారం దాకా."

అట్టే తిన్నాను. అల్లం పచ్చిమిర్చీ మెత్తగా నూరకుండా, పంటికి తగిలేలా వేస్తుంది నూకరత్నం. తింటుంటే ఆవిడ కాండం నుంచి ఒక పొర చీల్చి, పొయ్యిలో పెట్టి అంటించింది. భగ్గున లేచింది మంట, మందుసీసా మూత తీసినట్టు ఘాటైన వాసనతో. మొదలు దగ్గర ఆవైపంతా పొగచూరి నల్లగా ఉంది. మా ఆయన లస్కరుగా ఉన్నప్పుడు ఇక్కడ పొయ్యి పెట్టుకున్నానండి అంది. లస్కరంటే కాలవ తలుపులు ఎత్తి దించే మనిషి. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

"ఈ చెట్టు పోతే ఏం చేస్తావు?" అని అడిగాను.

"ఏం చేత్తానండి. రేకు వేసుకుంటాను. రేకు కింద పొయ్యి, పొయ్యి ముందు నేను. నన్ను కూడా అట్టులాగే తిరగేసుకోవాలి." నవ్వింది. తర్వాత నవ్వకుండా అంది, "నీడ లేకపోతే బస్సులోళ్లు దిగరండి. కిటికీలోంచి చూసి పోతారు. దుర్గకి ఇంకో రెండేళ్ల చదువుంది."

అదీ విషయం. చెట్టు పేరు ఏమిటన్నది దీని తర్వాతే వచ్చింది.

ఆకు, బెరడు, కాయ

చెట్టును గుర్తుపట్టడమంటే చాలామంది ముఖం చూసి మనిషిని గుర్తుపట్టడం లాంటిదనుకుంటారు. నా దృష్టిలో అది పెళ్లిసంబంధం వాకబు చేయడంలాంటిది. ఎవరు ఏం చెప్పినా నమ్మకుండా, ఇంకొకరిని అడగాలి.

మొదట ఆకు. నలిపితే జామాయిల్ వాసనే. ఊరంతా దాన్ని జామాయిల్ అన్నది అందుకే, వాళ్ల తప్పేమీ లేదు. ఆకును ఎండకు ఎత్తి పట్టుకున్నాను. పచ్చటి ఆకాశంలో చుక్కల్లా సన్నటి వెలుగు చుక్కలు. నూనె తిత్తులు. దుర్గ కూడా ఒక ఆకు ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. అయితే ఆ చుక్కలు జామాయిల్‌కీ ఉంటాయి, మన జామకీ నేరేడుకీ ఉంటాయి. అంతా ఒకే కుటుంబం. అంటే కులం తెలిసింది, మనిషి తెలియలేదు.

తర్వాత ఈనెలు. జామాయిల్ ఆకుకు మధ్యలో ఒక్క పెద్ద ఈనె, దానికి రెండువైపులా పిల్ల ఈనెలు. దీనికి అలా లేదు. తొడిమ దగ్గర బయల్దేరిన అయిదు ఈనెలు పక్కపక్కనే నడిచి కొసన కలుసుకుంటున్నాయి, ఒకే ఊరికి పోయే పంట బోదె కాలవల్లాగ. ఇక్కడ నాకు అనుమానం కొంచెం బలపడింది. అయినా పేరు అనలేదు.

బెరడు సంగతి చెప్పాను. జామాయిల్ బెరడూ ఊడుతుంది, కానీ పట్టీలు పట్టీలుగా ఊడి కింద నున్నటి ఒళ్లు బయటపడుతుంది. దీనికి ఎన్ని పొరలు తీసినా ఇంకో పొర. వేలితో నొక్కితే మెత్త.

ఇక కాయ కావాలి. కొమ్మలు ఎత్తులో ఉన్నాయి. కొబ్బరిచెట్లెక్కే అప్పారావును పిలిచింది నూకరత్నం. రెండు బారలెక్కి, జారి, మళ్లీ ఎక్కి, మళ్లీ జారి, చేతినిండా తెల్ల పొరలతో కిందికొచ్చాడు.

"నావల్ల కాదండి. పట్టుకుంటే చొక్కా ఇప్పేసి చేతిలో పెడతంది."

"ఇంతకాలం కొబ్బరిచెట్లెక్కి గొప్పలు పోయావు కదా" అంది నూకరత్నం.

"కొబ్బరిచెట్టు చొక్కా తొడుక్కోదు కదే అక్కా."

చివరికి దోటి తెచ్చి ఒక రెమ్మ లాగాడు. అది నా ఒళ్లో పడింది. కాయలున్నాయి. జామాయిల్ కాయలైతే కాడలతో గుత్తిగా, చిన్న బొంగరాల్లా ఉంటాయి, పిల్లలు తిప్పుకుంటారు. ఇవి కాడల్లేకుండా రెమ్మకే అంటుకుని, చుట్టూ వరసలుగా, పొట్టి గిన్నెల్లా ఉన్నాయి. ఆ వరసలు దాటి రెమ్మ ఇంకా ముందుకు పెరిగి మళ్లీ ఆకులు తొడిగింది. చేతికి గాజులు వేశాక చెయ్యి ఆగకుండా పెరిగిపోయినట్టు. పూత అయిపోతే రెమ్మ ఆగిపోవాలి కదా, ఇది ఆగదు. పూసిన చోటును గుర్తుగా పెట్టుకుని, దాన్ని దాటుకుని సాగిపోతుంది.

"బాటిల్ బ్రష్ అనొచ్చా మేడం?" అంది దుర్గ. మా కాలేజీ గేటు దగ్గర ఆ ఎర్ర పూల చెట్టుంది, దాని కాయలూ ఇలాగే ఉంటాయి. ఆ పొరపాటు చేయాలంటే కళ్లుండాలి, కాబట్టి మెచ్చుకున్నాను. పువ్వు వస్తే గానీ ఆ రెంటికీ తేడా పూర్తిగా తేలదు. బాటిల్ బ్రష్‌లో కేసరాలు దేనికదే విడిగా ఉంటాయి. నేననుకుంటున్న దానిలో అయిదు కట్టలుగా ఉండాలి.

కాబట్టి ఆరోజు నేను చెప్పింది ఇంతే. ఇది జామాయిల్ కాదు. మెలల్యూకా అయుండాలి. అది ఇంటిపేరు. అసలు పేరు పువ్వు పూశాక చెబుతాను.

"ఇంటిపేరు చాలండి" అంది నూకరత్నం. "గొడ్డలి ఆపడానికి."

దాహం సంగతి

చాలలేదు. అసలు గొడవ అప్పుడే మొదలైంది.

కొబ్బరితోట వెంకట్రాజుగారు స్కూటరు మీద వచ్చారు. గట్టు కిందే ఆయన తోట. మర్యాదస్తులు, మాట గట్టిగా రాదు, మాట వెనక్కీ పోదు. నూకరత్నం కుర్చీ తుడిచింది. ఆయన నిలబడే విన్నారు. నేను రెమ్మ చూపించి, ఈనెలు చూపించి, కాయలు చూపించాను. లెన్స్ ఇస్తే కన్ను పెట్టి శ్రద్ధగా చూశారు కూడా.

"బాగా చెప్పారమ్మా. జామాయిల్ కాదు. ఒప్పుకున్నాను. పేరు మారితే దాహం మారుద్దా?"

ఉద్యోగం చేసినన్నాళ్లూ ఎందరో అధికారులతో వాదించాను. ఇంత సూటి ప్రశ్న వాళ్లెవరూ వేయలేదు.

"కాలవ కట్టేసిన నెలలో కొబ్బరికి తడి లేదని చెట్టు మీద నేరం మోపుతారేంటండి రాజుగారూ? కాలవ నిండుగా పారేటప్పుడు ఇది ఎంత తాగితే మాత్రం ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"అది నా ప్రశ్నకి జవాబు కాదమ్మా. జామాయిల్ కంటే తక్కువ తాగుద్దా, ఎక్కువ తాగుద్దా?"

నూకరత్నం నా వైపు చూస్తోంది. ఒక్క మాట చాలు. తక్కువ తాగుతుందని అంటే ఆయన స్కూటరెక్కి వెళ్లిపోతారు, నా మాట కాదనే మనిషి చుట్టుపక్కల లేడు.

"తెలియదండి" అన్నాను. "ఆస్ట్రేలియాలో, దాని సొంత దేశంలో, వాగుల వెంట, చిత్తడి నేలల్లో, నీళ్లలో కాళ్లు పెట్టుకుని పెరిగే జాతి. నీళ్లంటే ఇష్టమనే చెప్పాలి. ఎంత తాగుతుందో నేను కొలవలేదు."

"చూశారా మరి" అన్నారు రాజుగారు, మర్యాదగానే.

"తెలియదంటారేంటండి మేడంగారూ" అంది నూకరత్నం. "ఇంత చదువుకుని."

కొత్తగా చేరే పిల్లలకు ఇక్కడ ఒక మాట. తెలియదు అని చెప్పే ధైర్యం గురించి ఉపన్యాసాల్లో చాలా అందంగా చెబుతారు. వెనకాల ఒక మనిషి బతుకుతెరువు నిలబడి వింటున్నప్పుడు ఆ మాట నోటికి ఇసుకలా తగులుతుంది. అయినా అదే చెప్పాలి. రాజుగారి కొబ్బరీ బతుకుతెరువే.

మరి గొడ్డలి ఎలా ఆగింది? రెండోరోజు లారీ వచ్చింది. కలప కొట్టించి కాగితం మిల్లుకు తోలే కంట్రాక్టరు మనిషి దిగాడు. గట్టు మీద కాస్త దూరంగా ఉన్న జామాయిల్ చెట్లు నాలుగూ కొట్టించి లోడు చేశాడు. దీని దగ్గరికి వచ్చి, బెరడు రెండు పొరలు లాగి, వెనక్కి తగ్గాడు.

"ఇది జామాయిల్ కాదని మేడంగారే అన్నారంట కదండి. రేపు మిల్లు గేటు కాడ ఇదేం చెక్క అని లోడంతా తిప్పి పంపితే నన్నంటారు. మాకొద్దండి."

లారీ వెళ్లిపోయింది. నా పాండిత్యానికి దక్కిన గౌరవమంతా ఇదీ. గేటు దగ్గర లోడు తిరిగొస్తుందన్న భయం. రాజుగారు దుమ్ము సర్దుకునేదాకా చూసి, "పోనీలెండి" అన్నారు. ఆరోజు ఆయనా ఒక అట్టు తిన్నారు.

సున్నం

కాలవలోకి మళ్లీ నీళ్లొచ్చాయి. వానలు వెళ్లి, మంచు మొదలయ్యే రోజుల్లో దుర్గ ఫోన్ చేసి, పూసింది మేడం, అంది.

ఆ పొద్దున్న నేను చూసినది ఎలా రాయాలో ఇప్పటికీ తెలియదు. కాలవ మీద పొగమంచు. చెట్టంతా మీగడ రంగు కుచ్చులు. తేనెటీగల చప్పుడు ఒక చోటి నుంచి కాకుండా, చెట్టే గొంతు లోపల సన్నగా రాగం తీస్తున్నట్టు. కేసరాలు రాలి నీళ్ల మీద పడి, నెమ్మదిగా మండపేట వైపు సాగిపోతున్నాయి. ఎక్కడో దక్షిణాన, నేను చూడని ఒక వాగులో కూడా ఇదే వేళకు ఇలాగే రాలుతున్నాయేమో అనిపించింది. వాళ్లకు ఇప్పుడు ఏ కాలమో కూడా తెలియదు నాకు. ఒక కుచ్చు తెంపి లెన్స్ కింద పెట్టాను. అయిదు కట్టలు. ఒక్కొక్క పువ్వులో అయిదే.

అసలు పేరు చెప్పాను. మెలల్యూకా ల్యూకాడెండ్రా. దుర్గ దాన్ని ఫొటోతో సహా ఫోన్లో అందరికీ కనబడేలా పెట్టింది. అది ఎవరో చూశారు. వాళ్లు ఇంకెవరికో చూపించారు. ఒక ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చారు. ఆ ఆఫీసు పేరు ఇక్కడ అనవసరం. చాలా ఉత్సాహవంతుడు, చెట్లంటే నిజంగానే ప్రేమ.

"ఇలాంటివి ఈ చుట్టుపక్కల ఇంకెన్ని ఉన్నాయి మేడం?"

"నేను చూసినంతలో ఇదొక్కటే."

"అంటే అరుదైన వృక్షం."

"కాదండి. వాళ్ల ఊళ్లో వాగు పక్కన ఎక్కడ చూసినా ఇదే. ఇక్కడ ఎవరో ఒకటి నాటారు, అంతే. దీనికి ఆర్భాటం అక్కర్లేదు."

వినలేదు. నెల తిరిగేసరికి చుట్టూ ఇనప కంచె వచ్చింది. పచ్చ బోర్డు మీద పేరు, దాని కింద 'అరుదైన వృక్షం'. ఇంకా, మన దగ్గర ప్రతి ప్రారంభోత్సవానికి ముందు చెట్లకు చేసే అలంకారం ఒకటుంది కదా, అది కూడా చేశారు. తెల్లటి చెట్టుకు సున్నం కొట్టి, పైన ఎర్ర పట్టీ వేశారు. పొగచూరిన నలుపు మాయమైంది. పొయ్యి వల్ల వృక్షానికి హాని కాబట్టి నూకరత్నాన్ని కంచె బయటికి, గట్టు మలుపు దగ్గరికి పంపారు.

నేను వెళ్లాను. వెళ్లి ఊరుకోలేదు.

"పొయ్యి సెగ చెట్టుకి మంచిది కాదు కదండి" అన్నారు అధికారి. "మీరు బోటనీ. మీకు నేను చెప్పాలా?"

"ఆ బెరడు అన్ని పొరలుగా ఎందుకుందనుకున్నారు? వాళ్ల దేశంలో గడ్డి అంటుకుని మంట మీదికొచ్చినా తట్టుకోడానికి. ఆ ఇంటిపేరుకి అర్థం నలుపూ తెలుపూ అని. మొదట పేరు పెట్టినవాళ్లు చూసిన చెట్టు మొదలు కాలి నల్లగా, కొమ్మలు తెల్లగా ఉందంటారు. నూకరత్నం పొయ్యి దగ్గర అది అచ్చం తన పేరులా ఉండేది. మీరు సున్నం కొట్టి సగం పేరు తుడిచేశారు."

"అదంతా బోర్డు మీద పట్టదు కదండి మేడం."

"బోర్డు మీద పట్టకపోతే పోనీ. ఆ మనిషికి నీడ పట్టనివ్వండి."

కంచెకు ఒక తలుపు పెడతామన్నారు. పెట్టారు. తలుపుకి తాళం వేశారు. తాళంచెవి ఎవరి దగ్గరుందని అడిగిన ప్రతిసారీ ఒక్కొక్కరు ఇంకొకరి పేరు చెబుతారు. ఆ పేర్లన్నీ పట్టుకుని నేను ఇప్పటికీ తిరుగుతున్నాను. ఉద్యోగం లేదు కాబట్టి తీరిక చాలా ఉంది. వాళ్లకు అది ఇంకా అర్థమైనట్టు లేదు.

నా స్నేహితురాలొకామె అంది, అసలు నువ్వు పేరు చెప్పకపోతే ఈ బాధ లేదు కదా అని. నేను ఒప్పుకోను. పేరు చెప్పకపోతే చెట్టు లారీలో పోయేది, నూకరత్నం అప్పుడే రేకు కిందికి పోయేది. పేరు సరైనదే. దాన్ని తీసుకెళ్లి కంచెకు తగిలించినవాళ్ల చేతులే సరైనవి కావు. మీరు రేపు ఏ చెట్టుకైనా పేరు చెప్పేటప్పుడు, ఆ చెట్టు కింద ఎవరు కూర్చుంటున్నారో అది కూడా గట్టిగా చెప్పండి. ఆకు, బెరడు, కాయ, పువ్వు, నీడలో ఉన్న మనిషి. ఆ వరసలోనే రాసుకోండి. జగన్నాథంగారు ఉంటే, చెట్టు లెక్కలో మనిషేమిటని గొడుగు నా చేతికిచ్చేవారు. పట్టుకుని మరీ వాదించేదాన్ని.

మొన్న వేసవిలో, కాలవ కట్టేశాక, మళ్లీ వెళ్లాను. దుర్గ డిగ్రీ పూర్తయింది, ఎమ్మెస్సీకి దరఖాస్తు పెట్టింది. వాళ్లమ్మ గట్టు మలుపు దగ్గర రేకు కింద పెనం ముందు కూర్చుని ఉంది. చీర కొంగు తడిపి మెడ మీద వేసుకుంది. బస్సు ఒకటి వచ్చి, ఆగకుండా నెమ్మదించి, వెళ్లిపోయింది. అవతల కంచె లోపల చెట్టు కొమ్మలు ఆరబోసుకుని ఉంది. సున్నం కొట్టిన చోట పొరలు అప్పుడే లేస్తున్నాయి. కింద నీడ లేత ఆకుపచ్చగా కదులుతోంది, దాని మీద కాలు పెట్టేవాళ్లు లేక.

నూకరత్నం నాకు అట్టు వేసింది. అల్లం ముక్క పంటికి తగిలింది. ఇద్దరం కాసేపు ఆ నీడనే చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆవిడ, నా మీద కోపంతో కాదు, నిజంగా తెలుసుకోవాలన్నట్టే అడిగింది.

"మేడంగారూ, ఆ చెట్టు వాళ్ల ఊళ్లో, దాని కింద ఎవరన్నా కూకుంటారాండి?"

నా దగ్గర ఉన్న పుస్తకాలన్నీ తిరగేశాను. ఆకు పొడవుంది, ఈనెలున్నాయి, కాయ కొలతలున్నాయి, ఏ నేలలో పెరుగుతుందో ఉంది. ఇది లేదు. అటువైపు వెళ్లొచ్చినవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే చెప్పండి. ఆ వాగుల పక్కన, ఆ తెల్లటి చెట్ల కింద, మధ్యాహ్నం పూట, ఎవరైనా కూర్చుంటారా?